పిల్లల కథలో తాతగారికేం పని?

ప్రశ్న: రెండేళ్ళ నుంచి పిల్లల కథలు రాస్తున్నానండి. ఓ పత్రికకి పంపితే భాష బాగుంది గానీ నీతి ఎక్కువైంది అని ఒక్క లైన్ రాసి తిప్పి పంపేశారు. నీతి లేకపోతే ఇంక పిల్లల కథ ఎందుకు? కథ జత చేస్తున్నా, తప్పెక్కడో కాస్త చెప్పండి.

జవాబు: రెండుసార్లు చదివానండి. మొదటి పేజీ నాకు నిజంగా నచ్చింది, ఏడేళ్ళ పిల్ల ఫ్రెండ్ రంగుపెన్సిళ్ళ డబ్బా అడక్కుండా తీసుకోవడం, మూత విరగడం, దాన్ని బ్యాగు అడుగున దాచేసి ఎవరైనా బ్యాగు దగ్గరికొస్తే చాలు బిక్కచచ్చిపోవడం... అక్కడిదాకా నేనూ ఆ పిల్లతోపాటు భయపడ్డా. తర్వాత తాతగారొచ్చారు. ఇంకంతే, ఆయన అర పేజీ మాట్లాడారు, పిల్ల తల ఊపింది, సారీ చెప్పింది, కథ అయిపోయింది.

నీతి ఉండటం తప్పు కాదండి, దాన్ని పెద్దాయన చేతికిచ్చి పిల్లని పక్కన నిలబెట్టడం తప్పు. ముందు ఆ తాతగారిని నాలుగు రోజులు ఊరు పంపించెయ్యండి. ఇప్పుడు పిల్ల ఒక్కతే కదా, ఏం చేస్తుంది? గమ్ పెట్టి అతికిస్తుంది, అతుక్కోదు. బదులు తన డబ్బా పెట్టేద్దామనుకుంటుంది, రంగు వేరు. "నేను చూళ్ళేదు" అంటుంది, దాంతో నింద ఇంకో పిల్ల మీద పడుతుంది. ఇప్పుడింక నోరు విప్పక తప్పదు, విప్పేది తనే. మీరు చెప్పాలనుకున్నదంతా వచ్చేసింది, ఎవరూ ఎవరికీ క్లాసు పీకలేదు. ఆఖర్న "అప్పట్నుంచి ఆ పాప ఎప్పుడూ అబద్ధం ఆడలేదు" అని రాశారే, అది కొట్టెయ్యండి. పొద్దున్నే పళ్ళు తోమేశానని అబద్ధం చెప్పొచ్చి కూర్చున్న పిల్లాడు దాన్ని ఒక్క నిమిషం కూడా నమ్మడు.

మార్చాక ఎవరైనా పిల్లలకి పైకి చదివి వినిపించండి, మీ పిల్లలు కాకపోతే ఇంకా మంచిది. బాగుందా అని మాత్రం అడక్కండి, బాగుందనే అంటారు పాపం. ఎక్కడ చూపు పక్కకి పోయిందో ఆ లైన్ దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టుకోండి చాలు. మర్నాడు కథ వాళ్ళని చెప్పమనండి, వాళ్ళు ఎగరగొట్టేసిన ముక్క చాలాసార్లు మీరు కూడా ఎగరగొట్టొచ్చు. నేనోసారి ఇలాగే చదివితే ఒక బుడ్డోడు కథంతా విని "మరి ఆ కుక్కేమైంది?" అన్నాడు. ఏ కుక్కరా అని వెతుక్కుంటే రెండో లైన్లో ఊరికే పెట్టి మర్చిపోయిన కుక్క! పెద్దాళ్ళు పదిమంది చదివారు దాన్ని, ఒక్కళ్ళూ అడగలేదు.

ప్రశ్న: నాలుగైదేళ్ళ వాళ్ళకి బొమ్మల పుస్తకం రాద్దామనుంది. ఎన్ని మాటలుండాలి? బొమ్మలు నేనే వేయించుకోవాలా?

జవాబు: బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలు ఉంటాయి, అచ్చేసే కాగితాన్ని మడిస్తే పేజీలు ఎనిమిదో పదహారో చొప్పున వస్తాయి కాబట్టి ఆ లెక్క. టైటిల్, ప్రచురణ వివరాలు పోగా మీ కథకి మిగిలేవి ఎదురెదురు పేజీల జతలు ఓ పన్నెండు, పద్నాలుగు. 500 మాటలు దాటకపోతే మంచిది, బొమ్మలో కనిపించేది మళ్ళీ రాయక్కర్లేదు కదా. ఎనిమిది కాగితాలు మధ్యకి మడిచి కుట్టేసి చేత్తో కథ రాసి చూడండి, పేజీ తిప్పగానే ఏదో ఒకటి దొరకాలి, తలుపు చప్పుడు కుడి పేజీలో ఉంటే వచ్చిందెవరో తిప్పాకే తెలియాలి.

ఈ వయసు వాళ్ళకి చదివేది పెద్దాళ్ళే కాబట్టి చెవికి ఇంపుగా ఉంటే పెద్ద మాట వాడినా పర్లేదు. సొంతంగా కూడబలుక్కుని చదివే పిల్లలైతే వేరే సంగతి, అక్కడ రెండేసి ఒత్తులున్న మాట ఒక్కటి అడ్డమొచ్చినా ఆగిపోతారు. అమెరికాలో పిల్లల పుస్తకాలు రాసిన డాక్టర్ స్యూస్ 1957లో 'ద క్యాట్ ఇన్ ద హ్యాట్' మొత్తం 236 వేర్వేరు మాటల్తోనే లాగించేశాడు, ఆయన కథ ఎక్కడా చప్పగా ఉండదు. మనకి చెట్టు, చెట్టుకి, చెట్టుమీంచి అని మాట మారిపోతూ ఉంటుంది కాబట్టి ఆ లెక్క అచ్చంగా కుదరదు, ఒత్తులూ వాక్యం పొడుగూ చూసుకోండి.

బొమ్మలకి డబ్బులు పెట్టకండి. ప్రచురణకర్తలు చాలావరకు చిత్రకారుల్ని వాళ్ళే చూసుకుంటారు. పుస్తకం సొంతంగా అచ్చేసుకుంటేనే ఆ బాధ మీది.

ప్రశ్న: పిల్లల భాష అంటే ముద్దు మాటలు వాడాలా?

జవాబు: వద్దండి. పిల్లలు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేటప్పుడు చాటుగా వినండి, లాయర్లలా వాదించుకుంటారు. మీరు పంపిన చీమ కథలో చీమ "బుజ్జి బుజ్జి కాళ్ళతో" ఏడుసార్లు నడిచింది, లెక్కపెట్టా. ఒక్కసారి చాలు.