దీర్ఘకాలిక జబ్బు ఉన్నవారికి తగ్గిన డిప్రెషన్ మళ్లీ వస్తుందా?

తప్పక వస్తుందని కాదు గానీ, వచ్చే అవకాశం పెరుగుతుంది. ఒకసారి డిప్రెషన్ వచ్చి తగ్గినవారిలో దాదాపు సగం మందికి అది ఎప్పుడో ఒకప్పుడు తిరగబెడుతుంది. దానికి మధుమేహం, గుండెజబ్బు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒక రకం కీళ్లవాతం) వంటివి తోడైతే, నొప్పితో చెడిన నిద్ర, ఒంట్లో ఎడతెగని ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు), చిన్న పనికీ ఇతరులపై ఆధారపడవలసి రావడం కలిసి మనసును కుంగదీస్తాయి. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు కూడా, ముఖ్యంగా ఎక్కువ మోతాదులో, మానసిక స్థితిని మార్చగలవు.

చిక్కంతా గుర్తించడంలోనే ఉంది. నీరసం, ఆకలి మందగించడం, నిద్రలేమి డిప్రెషన్‌లోనూ, శారీరక జబ్బులోనూ కనిపిస్తాయి కనుక, రోగితో పాటు వైద్యుడు కూడా వాటిని శారీరక జబ్బు ఖాతాలోనే వేసే ప్రమాదం ఉంది. అందువల్ల ఒంటి లక్షణాలకన్నా మనసు లక్షణాలనే ఎక్కువగా గమనించాలి: నొప్పి లేని పూట కూడా ఇష్టమైన పాట వినాలనిపించకపోవడం, ఇంటివారికి భారమయ్యానన్న భావన 2 వారాలకు పైగా కొనసాగడం వంటివి. వేళకు వేసుకునే ఇన్సులిన్‌ను వదిలేయడం కూడా ఒక సూచన కావచ్చు. దాన్ని బద్ధకమని మందలిస్తే ప్రయోజనం ఉండదు.

థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి ముందుగా రక్తపరీక్ష చేయించడం మంచిది. డిప్రెషన్ మందులను లక్షణాలు తగ్గిన తర్వాత కూడా సాధారణంగా కనీసం 6 నెలలు, పదేపదే వచ్చేవారైతే ఇంకా ఎక్కువకాలం కొనసాగిస్తారు. వాటిని సొంతంగా ఆపకూడదు. వాటిలో కొన్ని రక్తాన్ని పలుచన చేసే మందులతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది గనుక, వాడుతున్న మందులన్నీ వైద్యునికి చెప్పాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.