నీ హీరోకి జీతం ఎవరిస్తున్నారు తమ్ముడూ?

తమ్ముడూ,

మయన్మార్‌లో సైన్యం మీద జనం తిరగబడ్డ సంగతి మీద నువ్వు పంపిన కథ చదివాను. యాంగన్ నగరంలో రాత్రి ఎనిమిదింటికి నిరసనగా ఇంటింటా గిన్నెలు మోగించే సీను బాగుంది, అది ఉంచు. ఆ తర్వాత హీరో ట్యాంకు ముందు నిలబడి పేజీన్నర లెక్చరు దంచాడు చూడు, అక్కడ ఒళ్ళు మండింది నాకు. తుపాకీ ఎక్కుపెట్టినోడు అంతసేపు ఆగుతాడా?

అసలు నీ హీరో ఏం పని చేస్తాడయ్యా? కథంతా వెతికినా లేదు. 2021 ఫిబ్రవరి 1న అప్పటి సైన్యాధిపతి మిన్ ఆంగ్ లైంగ్ అధికారం లాక్కుంటే రెండ్రోజులకే గవర్నమెంటు డాక్టర్లు డ్యూటీ మానేశారు, వెనకాలే టీచర్లు, బ్యాంకువాళ్ళు, రైల్వేవాళ్ళు, ఇక గార్మెంట్ ఫ్యాక్టరీల ఆడపిల్లలైతే అందరికంటే ముందు రోడ్డెక్కినవాళ్ళలో ఉన్నారు. పని ఆపేస్తే జీతం ఆగుద్ది, జీతంతో పాటు క్వార్టరూ పోద్ది. మార్చిలో యాంగన్ రైల్వే క్వార్టర్స్ మీద సైన్యం పడి సమ్మెలో ఉన్నవాళ్ళ కుటుంబాల్ని బయటికి గెంటింది. కథంటే అదీ! సామాన్లు మూటగడుతూ భార్య "రేపు డ్యూటీకెళ్తే ఇల్లుంటుంది కదా" అంటది, మొగుడేం చెప్తాడు? అది రాయి. ఆవిణ్ణి మాత్రం విలన్ని చెయ్యకు, ఆవిడడిగింది తప్పేం కాదు.

ఆడవాళ్ళు తమ లుంగీల్ని వీధికడ్డంగా తాడుకి కట్టిన సంగతి ఒక్క లైన్లో తేల్చేశావు. వాటికింద నడిస్తే మగాడి మహిమ పోతుందని అక్కడ నమ్మకం, అందుకే సైనికులు బండి ఆపి, దిగి, ఒక్కొక్కటీ ఊడదీసుకుంటూ కూర్చునేవాళ్ళు. అంత సరుకు చేతిలో పెట్టుకుని ట్యాంకెందుకయ్యా నీకు?

నాకు తెలుసులే, ఎడిటర్లు ఇట్లాగే నేర్పుతారు. నా సమ్మె కథని ఒకాయన "చివర్లో ఒక్కడైనా చావాలండీ, లేకపోతే కిక్కుండదు" అని తిప్పి పంపాడు. ఎవర్నీ చంపలేదు నేను. ఆ కథ ఏళ్ళ తరబడి ట్రంకు పెట్టెలో పడుంది, పత్రిక మూతపడింది, కథ మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఇప్పుడేమో కొత్త ఫ్యాషను, అట్ట మీద నిరసన గుర్తుగా ఎత్తే మూడు వేళ్ళ బొమ్మేస్తే చాలు, లోపలేముందో ఎవడూ చూడడు.

పోటీలనీ, ముందుమాటనీ ఇంకేవేవో అడిగావు, తర్వాత చూద్దాం. ముందు నీవాడు రైల్వేలో గార్డా, డ్రైవరా, పట్టాలు మార్చే పాయింట్స్‌మ్యానా తేల్చు. పాయింట్స్‌మ్యానైతే నాకు మరీ ఇష్టం, వాడు లివర్ లాగకపోతే బండి ఎటూ కదల్దు. రాసి మళ్ళీ పంపు, ట్యాంకు తీసేసి.