సెలవుల్లో పిల్లలు చదివింది మర్చిపోకుండా మా ఇంట్లో ఏం చేశామంటే

మీ బాబుకు మూడో తరగతి అయిపోయిందని, జూన్ 12న బడి తెరిచేసరికి అన్నీ మర్చిపోతాడేమో, ట్యూషన్‌లో వేయాలా అని అడిగారు. మాది నల్లగొండ. ఇద్దరు పిల్లలు, బాబు ఐదో తరగతి, పాప మూడో తరగతి. నన్నడిగితే ట్యూషన్ వద్దు. ఇంట్లో ఎవరో ఒకరు రోజుకు అరగంట పక్కన కూర్చుంటే చాలు.

మర్చిపోతారన్నది మాత్రం నిజమే. ఏప్రిల్ 24 నుంచి ఏడు వారాలంటే తక్కువేం కాదు. బాబు రెండో తరగతి అయిన ఏడాది బడిలో హోంవర్క్ ఇచ్చి పంపారు: ఒక్కో ఎక్కం పదిసార్లు, ఒక్కో పాఠం ఐదుసార్లు చూచిరాత. మే నెలంతా వాడు ఏడుస్తూ రాశాడు, నేను అరుస్తూ రాయించాను. తీరా జూన్‌లో 42లోంచి 17 తీసేయమంటే 35 వేశాడు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసేశాడన్నమాట. మూడు నోటుబుక్కులు నింపించి కూడా వాడికి ఏం రాదో నేను కనిపెట్టలేదే అని చాలా బాధేసింది.

అప్పుడే పోపుల డబ్బాలోని చిల్లర తీసి వాడి ముందు పెట్టాను. నాలుగు పది నోట్లు, రెండు రూపాయి బిళ్లలు. "నాకు పదిహేడు ఇయ్యి బిడ్డా" అన్నాను. ఒక నోటు ఇచ్చాడు. ఇంకా ఏడు ఇవ్వాలి, బిళ్లలేమో రెండే. నోట్లు అటూ ఇటూ తిప్పి "అమ్మా, దీనికి చిల్లరియ్యవా?" అన్నాడు. లెక్కలో పక్కనుంచి అప్పు తెచ్చుకోవడమంటే అదే కదా! పది బిళ్లలు ఇచ్చాను. ఏడు నాకిచ్చి, మిగిలినవి లెక్కపెట్టుకుని ఇరవై ఐదు అన్నాడు. వారం రోజులు కిరాణా సామాను వాడితోనే తెప్పించాను. ఆ తప్పు పోయింది.

అప్పటినుంచి ప్రతి ఎండాకాలం పిల్లల్ని మా అమ్మవాళ్ల ఊరికి తీసుకుపోతున్నాను. హాలియా దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. మేం పోయేసరికి యాసంగి వడ్లు కల్లాల మీద ఉంటాయి. 2025 ఎండాకాలంలో బాబు తాత వెంట కొనుగోలు కేంద్రానికి పోయాడు. అక్కడ బస్తాకు 40 కిలోల లెక్కన కాంటా పెడతారు. రెండున్నర బస్తాలైతే క్వింటాల్ అని తాత చెప్తే నమ్మలేదు. పుల్ల తీసుకుని మట్టిలో 40, 80 అని రాసి, సగం బస్తాకు 20 కలిపి చూసుకున్నాక ఒప్పుకున్నాడు. అప్పుడు గ్రేడ్-ఏ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాల్‌కు 2,320 రూపాయలు. పది బస్తాలకు ఎంతొస్తుందని తాత అడిగితే, నాలుగు క్వింటాళ్లని ముందు తేల్చుకుని, 2,320 నాలుగుసార్లు కూడి 9,280 అని చెప్పాడు. గుణకారం వాడితే తొందరగా అయ్యేదని నేను చెప్పలేదు, రెండ్రోజులకు వాడికే తట్టింది.

పాపకు భిన్నాలు అమ్మమ్మ దగ్గర మొదలయ్యాయి. తొక్కు పెట్టేటప్పుడు అమ్మ ఇప్పటికీ పాత కొలతలతోనే ఉప్పూ కారం పోస్తుంది. మానికలో సగం తవ్వ, తవ్వలో సగం సోల. నాలుగు సోలలు పోస్తే మానిక నిండడం కళ్లారా చూసిన పిల్లకు పావు అంటే మళ్లీ చెప్పే పని పడలేదు.

లెక్కలకన్నా చదవడం ముఖ్యం. సెలవుల్లో ముందు పోయేది ఒత్తులే. పాప "ముచ్చట"ను "ముచట" అని చదివేది. మా అమ్మకు చదువు రాదు. రోజూ మధ్యాహ్నం పాప ఆమెకు ఒక కథ చదివి వినిపించాలని పెట్టాం. మాట సరిగ్గా పలక్కపోతే "ఏందమ్మా, సమజ్ కాలే" అంటుంది అమ్మ. పాప వెనక్కి వచ్చి మళ్లీ చదువుతుంది. నేను తప్పులు దిద్దిన రోజుల్లో ముఖం ముడుచుకునే పిల్ల, అమ్మమ్మ కోసం మాత్రం ఓపిగ్గా కూడబలుక్కుంటుంది. కథలకు డబ్బులు పెట్టనక్కర్లేదు. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా ఉన్నాయి. మీ వాడికి ఒక స్థాయి తక్కువవాటితో మొదలుపెట్టండి. సర్కారు బడి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు ఉంటుంది కాబట్టి పాతవి ఎవరికీ ఇచ్చేయకండి. ఇంగ్లీషు పేజీ అర్థం కాకపోతే పక్కకు చూస్తే సరిపోతుంది.

వీలైతే ఒక పొద్దున పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకుపోండి, టౌన్‌కు దగ్గరే. అంతకుముందు రోజు ఇంటి ముందు కర్ర పాతి, దాని నీడ కొసన గంట గంటకూ సుద్దముక్కతో గీత పెట్టించండి. ఆ నీడ ఎంత జరిగిందో చూసిన పిల్లలకే, గర్భగుడిలో పొద్దంతా కదలని నీడ వింతగా అనిపిస్తుంది. మావాడు ఆ గుట్టేంటో తేల్చుకుందామని ఇంటికొచ్చి రెండు సెల్‌ఫోన్ల లైట్లు, చపాతీ కర్ర పెట్టుకుని రాత్రి దాకా నీడలు చూస్తూనే ఉన్నాడు.

బయటి పనులన్నీ తొమ్మిదిలోపే కానివ్వండి, మన ఎండలు మీకు తెలియనివి కావు. ఈ రోజే మీ బాబుకు 42లోంచి 17 తీసేయమని ఇచ్చి చూడండి. 35 అన్నాడంటే వర్క్‌బుక్కులు కొనకండి, ముందు పది నోట్లకు చిల్లర తెచ్చిపెట్టుకోండి.