కొత్త డెక్ వేసే ముందు కింద కొట్టి చూడు

చిట్టితల్లీ,

సౌతాంప్టన్‌లో పాత తెరచాప పడవ కొన్నావని, దాని టేకు డెక్, అదే పైన నడిచే చెక్క నేల, పీకి కొత్తది నువ్వే వేస్తావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తాళ్లరేవులో పడవలు కట్టిన మీ తాతయ్య ఉంటే ఊరంతా చెప్పుకుని తిరిగేవారు. నాకు మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు.

టేకా, కార్కా అని అడిగావట. టేకులో నూనె ఉంటుంది, ఉప్పునీటికి తట్టుకుంటుంది, తడిసినా కాలు జారదు. కానీ బరువు. 10 మిల్లీమీటర్ల మందంలో చదరపు మీటరుకు ఆరున్నర కిలోలు. పైగా 2021లో మయన్మార్ ప్రభుత్వ కలప సంస్థ మీద బ్రిటన్ ఆంక్షలు పెట్టింది. ఎక్కడిదో కాగితం చూపించని టేకును ముట్టుకోకు. కార్క్ అంటే ఓక్ జాతి చెట్టు బెరడు. పోర్చుగల్‌లో చెట్టు కొట్టకుండా 9 ఏళ్లకోసారి ఒలుస్తారు. ఆ ముక్కల్ని జిగురుతో అదిమి షీట్లు చేస్తారు. తేలిక, చలిలో పాదానికి వెచ్చగా ఉంటుంది. మెత్తన కాబట్టి బరువైన పనిముట్టు పడితే నొక్కు పడుతుంది. మీ చలికి నేనైతే కార్కే వేస్తాను.

నా భయం పైన వేసే దాని గురించి కాదు. షార్జాలో పనిచేసే రోజుల్లో ఒక ఫైబర్ పడవకు టేకు పలకలు వేశాను. ఫైబర్ డెక్ ఒకే దిమ్మ కాదమ్మా. పైనా కిందా పల్చటి పొర, నడుమ బాల్సా అనే తేలిక చెక్క. నేను వందల స్క్రూలు దించాను. నీళ్లు దిగకుండా నింపే సీలెంట్ చేతికి అంటుకుంటోందని విసుగొచ్చి, కొన్ని రంధ్రాల్లో నింపనే లేదు. పైకి అద్దంలా కనిపించింది. నాలుగేళ్లకు అదే పడవ మళ్లీ మా దగ్గరికే వచ్చింది. మాస్టు, అంటే తెరచాప స్తంభం, పక్కన స్క్రూ వేళ్లతో తిప్పితేనే ఊడొచ్చింది. ఆ స్క్రూ గాడుల నిండా తడిసిన టీపొడి లాంటి నల్లటి ముద్ద. అది నీళ్లు దిగి కుళ్లిన బాల్సా. ఆ ముందు రోజే అక్కడ ఒక కలాసీ కుర్రాడి కాలు దిగబడింది. తూలి, రెయిలింగ్ దొరకబట్టి నిలబడ్డాడు. కమ్మీని పట్టుకున్న ఆ చెయ్యి ఇప్పటికీ నా కలలోకి వస్తుంది.

అందుకే చెబుతున్నాను, ఏది వేసినా జిగురుతోనే అంటించు, ఒక్క స్క్రూ కూడా వద్దు. పాత రంధ్రాలన్నీ ఎపాక్సీతో, అదే రాయిలా గట్టిపడే జిగురుతో, నింపు. టేకే కావాలంటే అంటించే వైపు నూనె పోయేలా ఎసిటోన్‌తో తుడువు. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు మాస్కు పెట్టుకో. చీకటి పడ్డాక ఒక్కదానివే పడవ ఎక్కావని తెలిస్తే ఊరుకోను. లైఫ్ జాకెట్ రేవులో ఉన్నప్పుడూ వేసుకో, నా తల్లివి కదూ.

పలకలు పీకాక స్క్రూడ్రైవర్ పిడితో డెక్ అంతా జానెడుకొకచోట కొట్టు. టక్కుమని మోగితే గట్టిగా ఉన్నట్టు. డుబ్బుమంటే లోపల నీళ్లున్నాయేమోనని అనుమానించు. అనుమానం వచ్చిన చోట కొడుతూ వీడియో తీసి వాట్సాప్‌లో పంపు, నేను వింటాను. నేను ఫోన్ చేసేదాకా జిగురు డబ్బా మూత తియ్యకు.

మీ మావయ్య