మీ పేరుతో అక్కడొక కుర్చీ వేసి ఉంటుంది

పెద్దమ్మ జవాబులు

ప్రశ్న: పెద్దమ్మ గారికి నమస్కారం. మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. మా అమ్మాయి మిలాన్‌లో చదువుకుని అక్కడే ఉద్యోగం చేస్తోంది. తనతో చదివిన ఇటలీ అమ్మాయి పెళ్లి వచ్చే జూన్‌లో, అమాల్ఫీ తీరంలో. నన్నూ మా వారినీ కూడా పిలిచారు. మా వారు మాంసం, చేప ముట్టరు. నేను తెల్లటి పట్టుచీర, జరీ అంచుది, ఒకటి తీసి పెట్టుకున్నాను. అక్కడ ఏం కట్టుకోవాలి, ఏం ఇవ్వాలి, ఎలా మసలుకోవాలి? తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ఆ నిద్ర పట్టకపోవడం నేనూ పడ్డాను. 2023 సెప్టెంబరులో మా అబ్బాయితో చదివిన కుర్రాడి పెళ్లికి మేమిద్దరం అమాల్ఫీ తీరంలోని రవెల్లో అనే ఊరికి వెళ్లొచ్చాం. మీరు వెళ్లేదీ ఆ తీరానికే కాబట్టి నేను చూసిందే చెబుతాను.

చీర సంగతి తర్వాత. ముందు ఆ శుభలేఖ కవరు మళ్లీ విప్పి చూడండి. ఇటలీలో సాధారణంగా రెండు కార్డులు ఉంటాయి. పెద్దదాన్ని ‘పార్తెచిపాజియోనె’ అంటారు. ఫలానా రోజు, ఫలానా చర్చిలో పెళ్లి అని తెలియజేసేది అదే. అది తెలిసినవాళ్లందరికీ పంపుతారు. దాంతోపాటు ‘ఇన్వీతో’ అని ఇంకో చిన్న కార్డు ఉంటేనే విందుకు పిలిచినట్టు. మీకు రెండూ వచ్చి ఉంటే ఆ చిన్న కార్డు అడుగున ఫలానా తేదీలోగా వస్తున్నదీ లేనిదీ చెప్పమని ఉంటుంది. ఈ వారమే చెప్పేయండి. ఇద్దరమే వస్తున్నామని కూడా చెప్పండి. మూడో మనిషి మాట అనుకోకండి.

ఇదెందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, మన పెళ్లిళ్లలో ఎనిమిది వందల మందికి వండితే వెయ్యిమంది వచ్చినా పంక్తులు లేస్తూనే ఉంటాయి. పక్కింటివాళ్ల చుట్టాన్ని వెంట తీసుకెళ్లినా ‘భోంచేసి వెళ్లండి’ అనే అంటారు. ఆ మర్యాద నాకెంతో ఇష్టం. అక్కడి మర్యాద ఇంకో రకం. విందు జరిగే చోట గుమ్మంలోనే ఏ బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలో పేర్లతో బోర్డు పెడతారు. బల్ల దగ్గరికి వెళితే పళ్లెం ముందు మీ పేరు రాసిన చిన్న అట్టముక్క ఉంటుంది. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటే మాటలు కలుస్తాయో పెళ్లివారు వారాల తరబడి ఆలోచించి వేసిన కుర్చీ అది. మా బల్ల దగ్గర వస్తామని చెప్పిన ఒకరు రాలేదు. ఆ కుర్చీ, ఆ పేరు రాత్రంతా అలాగే ఉన్నాయి. పెళ్లికొడుకు తల్లి మా వైపు వచ్చినప్పుడల్లా ఆ ఖాళీ కుర్చీని చూసేది. ఆవిడ ముఖం నాకింకా కళ్లలోనే ఉంది.

వస్తున్నామని చెప్పేటప్పుడే మీ వారి తిండి సంగతీ చెప్పాలి. ‘శాకాహారి’ అని ఒక్కమాట చాలదు, విడమరిచి చెప్పండి. మాంసం వద్దు, చేప వద్దు, మాంసం ఉడికించిన నీళ్లు కూడా వద్దు అనండి. రిసోట్టో అని బియ్యంతో చేసే వంటకం ఉంటుంది, చూడ్డానికి మన పలచటి పొంగలిలా ఉంటుంది. పైకి ఏ ముక్కా కనిపించకపోయినా దాన్ని మాంసపు నీళ్లతో ఉడికించి ఉండొచ్చు. మీ వారు మరీ నిష్ఠగా ఉండేవారైతే ఇంకొకటుంది. పార్మిజానో చీజ్‌ను, ఆ ప్రాంతంలో పేరున్న గేదెపాల మొజరెల్లాను దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ అనే పదార్థంతో విరిచి చేస్తారు. మా ఆయనకు ఈ సంగతి తిన్నాక తెలిసింది. రెండు రోజులు ముభావంగా ఉన్నారు. ముందే తెలిసుంటే చీజ్ లేకుండా నిమ్మకాయ, ఆలివ్ నూనెతో పాస్తా చేసి పెట్టేవారు. అక్కడ నిమ్మకాయలు కోలగా, అరచేతి నిండా ఉంటాయి. వాటితో ఏం చేసినా బాగుంటుంది.

ఇక చీర. ఆ తెల్లచీర బీరువాలో పెట్టేయండి అమ్మా. అక్కడ పెళ్లిలో తెలుపు పెళ్లికూతురిది ఒక్కదానిదే. గంధం రంగు, పాలమీగడ రంగు కూడా దాని కిందికే వస్తాయి, జరీ అంచున్నా సరే. నేను కూడా మొదట అలాంటిదే సర్దుకున్నాను. మా అబ్బాయి ఫోన్‌లో చూసి ఆపాడు. దాని బదులు చిలకాకుపచ్చ ఉప్పాడ జాందానీ పట్టుకెళ్లాను. పూర్తి నలుపు పెద్దవాళ్లకు నచ్చదు. ఊదారంగు కూడా అరిష్టమంటారు. ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాల్లో పూజారులు ఊదా బట్టలు వేసుకునేవారు, ఆ నలభై రోజులూ నాటకశాలలు మూసేసేవారు, నటులు పస్తులుండేవారు. ఆ భయం అలా మిగిలిపోయిందని చెబుతారు. చర్చిలో భుజాలు కనిపించకూడదు కాబట్టి జాకెట్టు చేతులు కాస్త పొడుగ్గా కుట్టించుకోండి, వీపు దింపించకండి. పైట మీ భుజం చుట్టూ తిప్పుకుంటే ఇంకే శాలువా అక్కర్లేదు. చెప్పులు మాత్రం మడమ లేనివే. రవెల్లో సముద్రం మీద దాదాపు 350 మీటర్ల ఎత్తున కొండకొమ్మున ఉంటుంది. మన కైలాసగిరికి రెట్టింపు అనుకోండి. ఊరి నడిబొడ్డుకు కార్లు రావు, అంతా రాతిపలకల దారులు, మెట్లు. అక్కడి నుంచి కిందికి చూస్తే మన రుషికొండ దగ్గర పొద్దుటి పూట కనిపించే నీలమే. నాకు ఊరు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

చర్చిలో పావుగంట ముందే కూర్చోండి. పెళ్లికొడుకు ముందే వచ్చి వేదిక దగ్గర నిలబడతాడు, పెళ్లికూతురు తండ్రి చేయి పట్టుకుని నడిచొస్తుంది. అందరూ లేచినప్పుడు లేవండి. మోకరిల్లినప్పుడు మీరు కూర్చునే ఉండొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ప్రసాదంగా ఇచ్చే పలచటి అప్పం కోసం వరసలో నిలబడకండి. అది కాథలిక్కులకే ఇస్తారు. మన గుళ్లో ఏ ప్రసాదం పెట్టినా కళ్లకద్దుకుని తీసుకునే అలవాటు వల్ల చేయి ముందుకొస్తుంది, అందుకే చెబుతున్నాను. పెళ్లి అయ్యాక గుమ్మం బయట అందరూ దంపతుల మీద బియ్యం చల్లుతారు. నా చేతిలో కూడా గుప్పెడు పోశారు. పసుపు లేని అక్షింతలు! అంత దూరం వెళ్లి ఆ బియ్యం చల్లుతుంటే పరాయి పెళ్లి అనిపించలేదు. ‘ఔగూరి’ అనండి, శుభాకాంక్షలని. బుగ్గకు బుగ్గ ఆనించి పలకరిస్తారు. అది మీకు ఇబ్బందైతే నవ్వుతూ చేతులు జోడించండి, ఎంతో ఇష్టంగా తీసుకుంటారు.

విందు చాలాసేపు సాగుతుంది. మాకు సాయంత్రం ఏడింటికి మొదలై కేకు కోసేసరికి అర్ధరాత్రి అయింది. ముందు తోటలో నిలబడి తినే చిరుతిళ్లు వస్తాయి. పిండిలో ముంచి వేయించిన గుమ్మడిజాతి పూలు, చీజ్ ముక్కలు, ఇంకా ఏవేవో. అక్కడే కడుపు నింపుకోకండి. తర్వాత కూర్చోబెట్టి ఒకటో రెండో పాస్తాలు, రిసోట్టో, ఆపైన చేప, మాంసం, మధ్యలో నాలుక శుభ్రం కావడానికి నిమ్మరసంతో చేసిన మంచుముద్ద, చివర్న తీపి వడ్డిస్తారు. మధ్యమధ్యలో ఎవరో ఒకరు ‘వివా లి స్పోజి’ అని అరుస్తారు, దంపతులు వర్ధిల్లాలని. మీరూ గొంతు కలపండి. మందు తాగకపోతే పర్వాలేదు కానీ, ఒట్టి నీళ్లగ్లాసు ఎత్తడం అపశకునమంటారు. పండ్లరసం పోయించుకోండి. గ్లాసులు తాకించేటప్పుడు ఎదుటివారి కళ్లలోకి చూడాలి. కేకు కోసేదాకా లేవకండి. విమానం ఉందని, నిద్ర వస్తోందని మధ్యలో వెళ్తే, వాళ్లు వేసిన కుర్చీ మళ్లీ ఖాళీయే కదా.

కానుక కవరులోనే ఇస్తారు, ‘బుస్తా’ అంటారు. మన చదివింపుల్లాగే. కొందరు శుభలేఖలోనే బ్యాంకు ఖాతా నంబరు వేస్తారు, దాన్ని తప్పుగా అనుకోకండి. మీ ఇద్దరి భోజనం ఖర్చుకు తగ్గకుండా ఇవ్వడం అక్కడి పద్ధతి. మేము 200 యూరోలు పెట్టాం, దానితో పాటు ఏటికొప్పాక లక్క భరిణె ఒకటి. అంకుడు కర్రతో చేస్తారని, రంగులు చెట్ల గింజల నుంచి, వేళ్ల నుంచి తీస్తారని మా అబ్బాయి చెబుతుంటే పెళ్లికూతురు దాన్ని చేతిలోంచి దించలేదు. మీరు కూడా మన ప్రాంతపు వస్తువే ఏదైనా పట్టుకెళ్లండి.

వీసాకు ఆలస్యం చేయకండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. జూన్ అంటే రద్దీ కాలం, మార్చిలోనే పెట్టండి. పెద్దవాళ్లకు రుసుము 90 యూరోలు. 30,000 యూరోలకు తగ్గని ఆరోగ్య బీమా తప్పనిసరి. శుభలేఖ కాపీ కూడా జత చేయండి.

ప్రశ్న: పెద్దమ్మా, నేను గాజువాక కుర్రాణ్ణి. నా స్నేహితుడి పెళ్లి బొలోనియాలో, చర్చిలో కాదు, మునిసిపల్ ఆఫీసులో. అలాంటిదానికి కూడా సూటు కావాలా?

జవాబు: కావాలి నాయనా. దాన్ని మన రిజిస్టర్ ఆఫీసు సంతకాలతో పోల్చకు. మేయరో, ఆయన తరఫు మనిషో భుజం మీదుగా మూడు రంగుల పట్టీ వేసుకుని నిలబడి, పౌరస్మృతిలోని 143, 144, 147 అధికరణాలు పైకి చదువుతారు. ఒకరికొకరు నమ్మకంగా ఉండాలి, తోడుండాలి, ఇంటి వ్యవహారం ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి, పిల్లల్ని వాళ్ల ఇష్టాలూ శక్తులూ గమనించి పెంచాలి. సారాంశం అది. చర్చి పెళ్లిలో కూడా పూజారి వీటినే చదువుతాడు. 1929లో ఇటలీ ప్రభుత్వానికీ వాటికన్‌కూ కుదిరిన ఒప్పందం తర్వాత చర్చి పెళ్లికి కూడా చట్టబద్ధత వచ్చింది మరి. ముదురు నీలం సూటు కుట్టించుకో, ఉద్యోగానికీ పనికొస్తుంది. మంగళవారమో శుక్రవారమో కాకపోతే పెళ్లి మరీ మంచిదని అక్కడి పెద్దలంటారు. ఆ రెండు రోజుల్లో పెళ్లీ వద్దు, ప్రయాణమూ వద్దని సామెత ఉంది. ఆ రోజుల పేర్లు వాళ్లకూ కుజుడి మీద, శుక్రుడి మీద వచ్చినవే. శుక్రవారం ఆడపిల్లను పంపని మీ నాయనమ్మకు ఈ మాట చెప్పు, సంతోషిస్తుంది.

ప్రశ్న: మా మనవడు ఇటలీ పెళ్లి నుంచి చిన్న గుడ్డసంచి తెచ్చాడు. లోపల తెల్లటి గట్టి బిళ్లలు అయిదు ఉన్నాయి. తినేవా, దాచుకునేవా? – సీతమ్మధార నుంచి ఒక అమ్మమ్మ

జవాబు: తినేవే అమ్మా. ‘కొన్‌ఫెత్తి’ అంటారు, బాదంపప్పుకు చక్కెర పూత. సుల్మోనా అనే ఊరు వీటికి పేరు, అక్కడ వీటిని రంగు కాగితాల్లో చుట్టి పూలగుత్తులు కూడా కడతారు. విందు అయ్యాక సెలవు తీసుకునేటప్పుడు దంపతులే చేతిలో పెడతారు, మన తాంబూలంలా. అయిదెందుకంటే ఆరోగ్యం, సంపద, సంతోషం, సంతానం, దీర్ఘాయువు. ఇద్దరికి సమానంగా విడదీయరాని సంఖ్య కూడా. మనం 101, 1001 అని ఒకటి కలిపి ఇస్తామే, ఆ ఆలోచన లాంటిదే. పెళ్లికి తెల్లవి, పట్టా పుచ్చుకుంటే ఎర్రవి పంచుతారు. పూత గట్టిగా ఉంటుంది, మీ పళ్లతో ఒక్కసారిగా కొరకకండి. బుగ్గన పెట్టుకుని చక్కెర కరగనివ్వండి, లోపల బాదం మెత్తగా దొరుకుతుంది.