సంక్షేమ పథకాలు ఆపేస్తే ఆంధ్రప్రదేశ్ లోటు తీరుతుందా?

పింఛన్లు, ఇతర సంక్షేమ పథకాలు ఆపేస్తే రాష్ట్రం లోటు నుంచి బయటపడుతుందా, లేక పన్నులు పెంచక తప్పదా అని మీరు అడిగారు. నేను ఖజానా శాఖలో ఉప ఖజానా అధికారిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. సంక్షేమం ఖర్చు పెద్దదేనని ఒప్పుకుంటాను గానీ, లోటుకు అదొక్కటే కారణమని తేల్చేస్తే అసలు చూడవలసిన చోటు మన చూపు తప్పిపోతుందని నా అభిప్రాయం.

ముందు అంకెలు చూద్దాం. 2025-26 బడ్జెట్ మొత్తం సుమారు 3.22 లక్షల కోట్ల రూపాయలు. అందులో రెవెన్యూ లోటును 33 వేల కోట్ల పైచిలుకుగా, ద్రవ్యలోటును దాదాపు 80 వేల కోట్లుగా అంచనా వేశారు. ద్రవ్యలోటు అంటే ఆ ఏడాది అప్పు చేసి పూడ్చవలసిన మొత్తం. జీతాలు, వడ్డీలు, పింఛన్లు, సబ్సిడీల వంటి రోజువారీ ఖర్చులకు పన్నులూ కేంద్రం ఇచ్చే వాటా చాలకపోతే ఏర్పడేది రెవెన్యూ లోటు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, తెచ్చే ప్రతి వంద రూపాయల అప్పులో నలభైకి పైగా రోజు గడవడానికే సరిపోతున్నాయనీ, కాలువకో రోడ్డుకో ఆసుపత్రి భవనానికో చేరడం లేదనీ తెలుస్తుంది. అప్పు ఎంత పెద్దదన్న దానికంటే ఈ విషయమే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

సామాజిక భద్రతా పింఛన్లకు నెలకు సుమారు 2,700 కోట్లు, అంటే ఏడాదికి 32 వేల కోట్ల పైన అవుతుంది. ఇది రెవెన్యూ లోటుకు ఇంచుమించు సమానం కాబట్టి పింఛన్లు తీసేస్తే లెక్క సరిపోతుందని చాలామంది వాదిస్తారు. ఆ వాదన నాకు సమ్మతం కాదు. నాలాంటి విశ్రాంత ఉద్యోగులకు 2071 పద్దు (బడ్జెట్‌లో ఒక్కో రకం ఖర్చుకు ఇచ్చే సంఖ్య) కింద ఇచ్చే పింఛనూ, 2049 కింద కట్టే వడ్డీ, 2235 కింద చూపే సామాజిక భద్రత వ్యయమూ అన్నీ ఒకే సంచిత నిధి (ప్రభుత్వ రాబడీ అప్పులూ చేరే ప్రధాన ఖాతా) నుంచి వెళ్తాయి. వాటిలో వృద్ధురాలి పింఛను ఒక్కదానికే లోటును అంటగట్టడం న్యాయం కాదు. 2014లో 200 రూపాయలున్న పింఛను ఆ ఏడాదే వెయ్యి అయింది. 2019లో 2,000, ఆపైన 2,250, 2024 జనవరికి 3,000, అదే ఏడాది జులైలో 4,000 అయింది. రెండు వందలతో ఒక ముసలమ్మ మందులు కొనుక్కుని నెలంతా తినగలదని ఎవరూ అనలేరు, కాబట్టి పెంచడం తప్పు కాదు. అయితే పెంచిన ప్రతిసారీ దానికి ఎదురుగా ఏ రాబడి నిలకడగా పెరుగుతుందో చెప్పే అలవాటు ఏ పార్టీకీ లేదు.

డబ్బు చాలనప్పుడు ప్రభుత్వం ఏది ఆపుతుందో ఖజానాలో పనిచేసినవారికి బాగా తెలుసు. చెల్లింపుల మీద ఆంక్షలు వచ్చాయంటే జీతాలు, పింఛన్లు, ఇంకొన్ని తప్పనిసరి పద్దులు తప్ప మిగతా బిల్లులు నిలిచిపోతాయి. మార్చి నెలాఖరున ఒక హాస్టల్ వార్డెన్ పిల్లల డైట్ బిల్లు (భోజన ఖర్చు బిల్లు) పట్టుకుని రాత్రి పొద్దుపోయేదాకా మా కార్యాలయంలో కూర్చున్నారు. ఆయన వెంట సరుకులిచ్చిన కిరాణా వ్యాపారి కూడా వచ్చారు. బిల్లులో లోపమేమీ లేదు, బడ్జెట్ కేటాయింపు ఉంది, సంతకాలన్నీ సక్రమంగా ఉన్నాయి, అయినా డబ్బు విడుదల కాలేదు. మార్చి 31 దాటగానే ఆ బిల్లు మురిగిపోయింది. కొత్త ఏడాది బడ్జెట్ విడుదలయ్యాక మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవలసి వచ్చింది. పిల్లలు ఆ బియ్యం, పప్పు తినేసి అప్పటికే నెలలైంది.

ఇక్కడే లెక్కల్లో పెద్ద చిక్కు ఉంది. మన ప్రభుత్వ పద్దులు నగదు ప్రాతిపదికన రాస్తారు, అంటే డబ్బు చేతులు మారితేనే ఖర్చు కింద లెక్క. ఆ కిరాణా వ్యాపారికి ఇవ్వవలసిన సొమ్ము ఆ ఏడాది లోటులో ఎక్కడా కనిపించదు. కాంట్రాక్టర్ల బిల్లులు, ఉద్యోగుల డీఏ (కరువు భత్యం) బకాయిలు, వాడుకోని సెలవులకు బదులు డబ్బు ఇచ్చే సరెండర్ బిల్లులు కూడా అంతే. రిజర్వ్ బ్యాంకు మంగళవారాల్లో వేలం వేసే రాష్ట్ర బాండ్లకు వడ్డీ ఉంది, పరిమితి ఉంది, కేంద్రం అనుమతి ఉండాలి. రిజర్వ్ బ్యాంకు దగ్గర పరిమితికి మించి వాడుకునే ఓవర్‌డ్రాఫ్ట్‌కు కూడా వరుసగా 14 పని దినాలన్న గడువు ఉంది. చెల్లించకుండా నిలిపిన బిల్లుకు మాత్రం సాధారణంగా వడ్డీ లేదు, గడువు లేదు, అడిగే నాథుడూ లేడు. ఒకటో తేదీ పింఛను ఆగితే ఊరంతా మాట్లాడుతుంది. డైట్ బిల్లు ఆగితే ఆ వార్డెనూ ఆ కొట్టు యజమానీ తప్ప ఎవరూ మాట్లాడరు. ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

పన్నుల సంగతికొస్తే, రాష్ట్రం చేతిలో ఉన్నవి తక్కువ. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఆ పన్ను రేట్లు కేంద్రం, రాష్ట్రాలు కలిసి ఉండే జీఎస్టీ మండలిలోనే తేలాలి. కేంద్రం ఇస్తూ వచ్చిన నష్టపరిహారం 2022 జూన్‌తో ముగిసింది. కేంద్రం పన్నుల మీద అదనంగా వేసే సెస్సులు, సర్‌చార్జీలలో రాష్ట్రాలకు వాటా లేదు. ఇక ముఖ్యంగా మిగిలినవి పెట్రోలు, డీజిలు, మద్యం మీద పన్ను, రిజిస్ట్రేషన్ రుసుములు, వాహనాల పన్ను. పెట్రోలు, డీజిలు మీద పెంచితే సరుకు రవాణా ఖర్చు పెరిగి, ఆ భారం చివరికి పింఛను తీసుకునేవారి సంచిలోకే చేరుతుంది. మద్యం రాబడి మీద ఆధారపడటం నాకు అసలే నచ్చదు. ఏ ఇంటికి సాయం చేస్తున్నామో ఆ ఇంటి నుంచే ఆ డబ్బు లాగుతున్నాం. రిజిస్ట్రేషన్ రుసుముకు ప్రభుత్వం లెక్కలోకి తీసుకునే భూముల మార్కెట్ విలువలను క్రమం తప్పకుండా సవరించడం, పట్టణాల్లో ఆస్తి పన్ను సక్రమంగా వసూలు చేయడం వీటికంటే మేలని నా నమ్మకం. ఆస్తి పన్ను పురపాలక సంఘాలకు వెళ్లినా, అవి రాష్ట్ర గ్రాంట్ల కోసం చేయి చాచడం కొంత తగ్గుతుంది.

కాబట్టి పథకాలు ఆపితే కాగితం మీద లోటు తగ్గవచ్చు. కానీ నిలిచిపోయిన బిల్లులు, బడ్జెట్ బయట ప్రభుత్వ కార్పొరేషన్ల పేరిట తెచ్చిన అప్పులు అలాగే ఉంటాయి. మీకు నిజంగా ఆసక్తి ఉంటే కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) ప్రతి నెలా విడుదల చేసే రాష్ట్ర పద్దుల పట్టికలో రెవెన్యూ లోటును, మూలధన వ్యయాన్ని (కాలువలు, రోడ్లు, భవనాల వంటి వాటి ఖర్చును) ఏడాది పొడవునా గమనించండి. చెల్లించని బిల్లుల మొత్తమెంతో శాసనసభ ముందు ఏటా ఉంచాలని మీ ఎమ్మెల్యేను రాతపూర్వకంగా అడగండి.