"బాగుంది" అన్నారు సరే, ఎక్కడ బాగుందట?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నాటకాలు రాస్తున్నవాళ్ల నుంచే. చదువుతుంటే సంతోషమేసింది, కాస్త భయం కూడా వేసింది, ఎందుకంటే అందరి బాధా ఒకటే: రాయడం అయింది, తర్వాత ఎవరికి చూపించాలో తెలియడం లేదు. నాలుగు తీసుకున్నాను. మిగతావాళ్లు కోప్పడొద్దు.

ప్రశ్న: తిరుపతిలో ఒక లాడ్జి రిసెప్షన్లో పని చేస్తాను. నైట్ డ్యూటీల్లో కూర్చుని ఒక నాటిక రాశాను. దర్శనానికి వచ్చి గది దొరకక తెల్లార్లూ బస్టాండులో గడిపిన ఒక కుటుంబం కథ. పదిమందికి చదివించాను, అందరూ "బాగుంది" అన్నారు. ఒక నాటక సమాజం వాళ్లు రిహార్సల్ మొదలుపెట్టి, వారం తర్వాత "ఎక్కడో పట్టు తప్పుతోందమ్మా" అని ఆపేశారు. ఎక్కడో అంటే ఎక్కడ? విదేశాల్లో ఇలాంటివి చూసి చెప్పడానికే ప్రత్యేకంగా మనుషులుంటారట, నిజమేనా సార్? (ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: నిజమేనమ్మా, ఉంటారు. వాళ్లని డ్రామటర్గ్ అంటారు. పేరు నోరు తిరగదు గానీ పని మాత్రం మీరు అడిగిందే. రాతప్రతిని పదిసార్లు చదవడం, మీరేం చెప్పాలనుకున్నారో ముందు మీ నోటితోనే చెప్పించడం, కాగితం మీద ఉన్నది దానికి ఎంత దూరంలో ఉందో చూపించడం, రిహార్సల్స్‌లో ఓ మూల కూర్చుని గమనించడం. డైరెక్టరు కాదు, రచయిత కాదు, విమర్శకుడూ కాదు, ముగ్గురికీ చుట్టం. 1767లో జర్మనీలోని హాంబర్గ్‌లో కొత్తగా పెట్టిన నేషనల్ థియేటర్ వాళ్లు లెస్సింగ్ అనే రచయితను పిలిచి కొలువిచ్చారు, ఆడే నాటకాల మీద రాస్తూ ఉండమని. ఆయన నటన గురించి కూడా ఉన్నదున్నట్టు రాసేసరికి నటులకు కోపాలొచ్చాయి, ఆ సంగతులు మానుకోవాల్సి వచ్చింది, రెండేళ్లు తిరిగేసరికి థియేటరే మూతపడింది. ఈ ఉద్యోగానికి మొదటి ముహూర్తం అలా ఉంది.

ఇప్పటి పద్ధతికి దగ్గరగా చెప్పాలంటే అమెరికాలో, కనెక్టికట్‌లో, 1964లో పెట్టిన యూజీన్ ఓనీల్ థియేటర్ సెంటర్ సంగతి చెప్పాలి. వేసవిలో రచయితలు సగం ఉడికిన నాటకాలతో అక్కడికి వస్తారు. నటులు స్క్రిప్టు చేత్తో పట్టుకునే ఆడతారు, సెట్టింగులు నామమాత్రం, పక్కనే డ్రామటర్గ్ ఉంటాడు, విన్నది విని రచయిత మళ్లీ తిరగరాసుకుంటాడు. అగస్ట్ విల్సన్ అనే నల్లజాతి రచయిత 1982లో అలా తెచ్చుకున్న నాటకమే 1984లో బ్రాడ్‌వే, అంటే న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల వీధి, ఎక్కింది.

మన దగ్గర ఆ పేరుతో ఎవరూ కూర్చుని లేరు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ పని చేసే మనిషిని నేను చూశాను. ముప్పై ఏళ్ల కిందట మా నాటక సమాజంలో ఒక ప్రాంప్టర్, అంటే నటులు మర్చిపోయిన మాట చాటునుంచి అందించేవాడు, ఉండేవాడు, పగలు టైలరు, రాత్రి సైడ్ వింగులో టార్చి లైటు పట్టుకుని నిలబడేవాడు. నా నాటకం మూడు ప్రదర్శనలయ్యాక తన కాపీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. మార్జిన్ నిండా పెన్సిల్ చుక్కలు. నటుడు మాట మర్చిపోయి తనవైపు చూసిన ప్రతిచోటా ఒక చుక్క పెట్టాడట. ఒక పేజీలో పధ్నాలుగు ఉన్నాయి! "వీళ్లది మతిమరుపు కాదు సార్, ముందు వాడు అన్నదానికి ఈ మాట జవాబు కాదు, అందుకే నోటికి రావడం లేదు" అన్నాడు. ఆ పేజీ మళ్లీ రాశాను. ఎలా రాయాలో ఆయన ఒక్క ముక్క చెప్పలేదు, ఎక్కడో మాత్రమే చెప్పాడు. ఆ తేడా తెలిసిన మనిషి దొరికితే వదలకండి.

మీ నాటిక నేను చదవలేదు కాబట్టి తీర్పు చెప్పను. ఒక ప్రశ్న మాత్రం అడుగుతాను: రెండో సీన్లోనే వాళ్లకి గది దొరికితే మీ నాటిక అక్కడితో అయిపోతుందా, అప్పుడే మొదలవుతుందా? అయిపోతుందంటే మీరు రాసింది గది కథ. మొదలవుతుందంటే ఆ కుటుంబంలో ఇంకేదో ఉంది, మీరు దాన్ని సంచిలోంచి బయటికి తీయలేదు.

ఇక "బాగుంది" గురించి. నలుగురిని కూర్చోబెట్టి పైకి చదివించండి, నటించొద్దని చెప్పండి, మీరు ఒక్క పాత్ర కూడా చదవొద్దు, వెనక కూర్చుని పెన్సిల్ పట్టుకోండి. అయ్యాక "ఎలా ఉంది" అని అడగొద్దు. ఏ మాట గుర్తుండిపోయింది, ఎక్కడ మనసు ఇంటి మీదికి పోయింది, ఎవరి సంగతి ఇంకా తెలుసుకోవాలనిపించింది, ఇవి అడగండి. లిజ్ లెర్మన్ అనే అమెరికన్ నృత్యకళాకారిణి 1990లో ఇలాంటి పద్ధతే ఒకటి తయారుచేసింది. అందులో నాకు నచ్చింది చివరి మెట్టు: అభిప్రాయం ఉన్నవాడు "ఫలానా దాని మీద నాకో అభిప్రాయం ఉంది, చెప్పమంటారా?" అని ముందు అడగాలి, వద్దంటే నోరు మూసుకోవాలి. మన నాటక పరిషత్తుల పోటీల దగ్గర ఈ రూలు పెడితే సగంమంది లేచి వెళ్లిపోతారు, అది వేరే సంగతి.

ప్రశ్న: మీరు ఈ మధ్య ఊరికే స్క్రిప్టు చర్చలు, రీడింగులు అంటున్నారు. ఇవన్నీ తెల్లవాళ్ల హంగులు. మన పెద్దలు ఎవరిని అడిగి రాశారయ్యా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు)

జవాబు: మాష్టారూ, దెబ్బలాట మీతో కాబట్టి జాగ్రత్తగా మాట్లాడతాను. గురజాడ వారి 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది. మనం నెత్తిన పెట్టుకుని పూజించేది మాత్రం 1909 నాటి రెండో కూర్పు, ఆయన దాన్ని దాదాపు కొత్త నాటకంలా తిరగరాశారు. ఒకసారి జనం ముందు ఆడిన నాటకాన్ని అంత మహానుభావుడే వదలకుండా మళ్లీ ముందేసుకుని కూర్చుంటే, మనం మొదటి ప్రతినే ఫైనల్ అనుకోవడం ఏమి ధైర్యం!

అంత దూరం ఎందుకు, మీ చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరుగుతుంది కదా. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివరి రోజు మట్టితో చేసిన ఆ పెద్ద దుర్యోధనుడు. నేను ఒక ఊళ్లో రాత్రంతా కూర్చుని చూశాను. ఆట నేర్పిన గురువు తాళాలు పట్టుకుని వెనకే ఉన్నాడు. ఆడవాళ్లు పిల్లల్ని ఒళ్లో సర్దుకోవడం మొదలుపెట్టగానే పాత్రధారి చెవిలో ఏదో అన్నాడు, రెండు పద్యాలు ఎగిరిపోయాయి, సీను నేరుగా తగువులోకి వచ్చింది, పడుకోబోయిన ముసలాయన లేచి కూర్చున్నాడు. దానికి ఏ పేరు పెట్టినా నాకు అభ్యంతరం లేదు మాష్టారూ.

మీ మాటలో ఒక నిజం ఉంది, అదీ చెప్తాను. అమెరికాలో కొందరు రచయితలు ఏళ్ల తరబడి రీడింగుల్లోనే ఉండిపోతారు, ఒకడు చదివి ఇంకొకడికి పంపడం, అతను చదివి మరో సలహా చెప్పడం, చివరికి ఎవరూ ఆడరు, రచయితకు తను మొదట ఏం రాశాడో కూడా గుర్తుండదు. సలహాలకు ఒక తేదీ పెట్టుకోవాలి. రెండు రీడింగులు చాలు, తర్వాత ఆడండి.

ప్రశ్న: నా నాటకానికి ఒక మిత్రుడు ఆరు నెలలు సాయం చేశాడు. రెండు సీన్లు అతను చెప్పినట్టే మార్చాను. ఇప్పుడు కరపత్రం మీద రచయితగా తన పేరు కూడా వేయమంటున్నాడు. స్నేహం పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి)

జవాబు: ఇది మీ ఒక్కరి గొడవ కాదు. న్యూయార్క్‌లో 'రెంట్' అనే సంగీత నాటకం రాసిన జోనథన్ లార్సన్ 1996 జనవరిలో, జనం ముందు తొలి ప్రదర్శన జరగాల్సిన రోజు తెల్లవారుజామున పోయాడు. నాటకం బ్రహ్మాండంగా ఆడింది. దానికి డ్రామటర్గ్‌గా పని చేసిన లిన్ థామ్సన్ అందుకున్న ఫీజు 2,000 డాలర్లు. తను సహరచయితనని, రచయిత వాటాలో 16 శాతం తనకు రావాలని ఆమె కోర్టుకెళ్లింది. 1998లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. ఆమె చేసిన సాయం తక్కువదని కాదు, రచయితగా తనొక్కడే ఉండాలన్నది లార్సన్ ఉద్దేశమని, ఇద్దరం కలిసి రాస్తున్నామని ఇద్దరూ అనుకుంటేనే అది సహరచన అని. తర్వాత వాళ్లు బయటే రాజీ పడ్డారు.

మన 1957 కాపీరైట్ చట్టంలో కూడా ఇద్దరు కలిసి చేసి, ఎవరి భాగమేదో విడదీయలేనప్పుడే ఉమ్మడి రచయితలంటారు. కాబట్టి బాబూ, ముందు మిమ్మల్ని మీరే అడగండి: అతను "ఈ సీను ఇలా మారిస్తే?" అన్నాడా, కలం తీసుకుని సీను రాశాడా? అన్నాడంటే "నాటక రూపకల్పనలో సహకారం" అని అతని పేరు వేయండి, సన్నక్షరాల్లో కాదు, డైరెక్టరు పేరు కిందే. నిజంగానే రాశాడంటే గీచి గీచి బేరమాడకండి, పక్కన పేరు వేయండి. ఆరు నెలల కిందటే ఒక తెల్లకాగితం మీద రెండు వాక్యాలు రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టి ఉంటే ఈ ఉత్తరమే వచ్చేది కాదు. స్నేహితుల మధ్య కాగితమేంటి అంటారు గానీ, స్నేహితుల మధ్యే కావాలి.

ప్రశ్న: స్క్రిప్టు నలుగురికి ఇస్తే నా ఐడియా కొట్టేయరా? తిరుపతిలో రీడింగ్ పెట్టుకోవడానికి మంచి హాలు కూడా చెప్పండి. (పేరు వద్దన్నారు)

జవాబు: ఐడియాకు కాపీరైట్ లేదు. ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత తన నాటకాన్ని సినిమాగా తీసేశారని కేసు వేస్తే, 1978లో సుప్రీంకోర్టు చెప్పింది అదే: ఇతివృత్తం ఎవరిదైనా కావచ్చు, మీరు దాన్ని చెప్పిన తీరు మాత్రమే మీది. ఆయన ఓడిపోయాడు. మీరు రాసిన సీన్లు, సంభాషణలు రాసిన క్షణం నుంచే మీవి, రిజిస్ట్రేషన్ తప్పనిసరేం కాదు. మనశ్శాంతి కోసం చేయించుకుంటానంటే నాటక రచనకు ఫీజు 500 రూపాయలు. దాచుకుని కూర్చుంటే మాత్రం ఎవరూ కొట్టేయరు, ఎవరూ ఆడరు కూడా.

హాలు సంగతి: మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం ఇవన్నీ ఆడేటప్పుడు. చదవడానికి ఒక గది, ఎనిమిది కుర్చీలు, గరగరమనని ఫ్యాను చాలు, సాయంత్రం ఖాళీగా ఉండే ట్యూషన్ సెంటర్ ఏదైనా అడిగి చూడండి. టీ మాత్రం చివర్లోనే తెప్పించండి, మధ్యలో గ్లాసులు వస్తే ఎవరు ఎక్కడ విసుక్కున్నారో కనిపెట్టలేరు.